మీకు తెలుసా? పండ్ల విపణి స్థానమున వైద్యాలయము

దిల్‌సుఖ్‌నగర్‌ నుండి ఎల్బీనగర్‌కు పోవు మార్గమున, కొత్తపేటయందు, వేసవి వచ్చినంతనే మామిడిపండ్ల పరిమళముతో బాటసారులను నిలిపివేయుచుండిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోగా, ఆ స్థలముననే వేయి పడకలకు ఉద్దేశింపబడిన ప్రభుత్వ వైద్యాలయమునకు 2022 ఏప్రిల్‌ 26న శంకుస్థాపన జరిగినది. వైద్యాలయము కావలసినదే, సందేహము లేదు. అయినను పండ్లు దూరమై పడకలు దగ్గరగుట ఒకింత విచిత్రమే.

ఇంతకును పండ్లెన్ని తినవలెను? 1918లో కూనూరున బెరిబెరి వ్యాధి పరిశోధనకై పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకయందు వెలయుచున్న జాతీయ పోషకాహార సంస్థ, తన 2024 నాటి ఆహార సూత్రములలో, రెండువేల కెలోరీల దినాహారమున 400 గ్రాముల కూరగాయలును, 100 గ్రాముల పండ్లును ఉండవలెనని నిర్దేశించినది. ఆవకాయను సైతము కూరగాయల పద్దున వ్రాసికొను మనబోటివారికి ఈ లెక్క కొంచెము కఠినమే!

ఇక శ్రమ విషయమున, పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు చురుకుగా నడచుట వంటి వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఎల్బీనగర్‌ చేరవలసినవారు ఒక స్టేషను ముందే, విక్టోరియా మెమోరియల్‌ వద్ద మెట్రో దిగి నడచినచో, అందులో కొంత బాకీ తీరును.