‘ఎంత తరచుగా?’ అను ప్రశ్నకు ఇంగ్లీషు జవాబులు

ఒక పని ఎంత తరచుగా జరుగునో తెలుపుటకు ఇంగ్లీషులో కొన్ని క్రియావిశేషణములు కలవు. ఆల్వేస్ అనగా ఎల్లప్పుడు. యూజువల్లీ అనగా సాధారణముగా. ఆఫెన్ అనగా తరచుగా. సమ్‌టైమ్స్ అనగా అప్పుడప్పుడు. సెల్డమ్ అనగా అరుదుగా. నెవర్ అనగా ఎన్నడును లేదని. ఈ ఆరు మాటలను బడిపిల్లలును ఎరుగుదురు. అయినను బాగుగా చదువుకొన్న తెలుగువారు సైతము ఒక్కొక్కప్పుడు వీనిని వాడబోయి, తాము తలచినదానికి విరుద్ధమైన అర్థమును పలుకుట కలదు. ఇందుకు కారణము తెలివితక్కువ కాదు. ‘కాదు’ అను భావమును రెండు భాషలును వేర్వేరు చోట్ల నుంచుటయే. ముఖ్యముగా ఆ సంగతినే నేడు మీకు మనవి చేయదలచితిని.

తెలుగులో ‘అతడెప్పుడును నిజమే చెప్పును’ అందుము; ‘అతడెప్పుడును అబద్ధమాడడు’ అనియు అందుము. రెండింటను ‘ఎప్పుడును’ అను మాట యొక్కటే. కాదనుట క్రియ చేయు పని. ఇంగ్లీషులో అట్లు గాదు. నెవర్ అను మాట కడుపులోనే నిషేధమున్నది. ప్రాచీనాంగ్లములో ‘కాదు’ అను అర్థముగల ‘నె’ అను మాట, నేటి ‘ఎవర్’కు పూర్వరూపమైన మాటతో కలిసి యిది యేర్పడినది. కావున దీని వెంట క్రియకు మరల నిషేధము చేర్చ నక్కరలేదు. ‘హి నెవర్ టెల్స్ లైస్’ అన్న చాలును.

ఇది యెరుగనివాడొకడు తన మిత్రునికై యోగ్యతాపత్రము వ్రాయుచు, తెలుగు వాక్యమును మాటకు మాటగా మార్చి ‘హి డజ్ నాట్ ఆల్వేస్ టెల్ లైస్’ అని వ్రాసెననుకొందము. చదువు అధికారికి తోచునదేమి? ఇతడు అన్నివేళల అబద్ధమాడడట. అనగా కొన్నివేళల ఆడునన్నమాట! పొగడ్త కాస్త నిందయై కూర్చున్నది. న్యాయస్థానమున సాక్షి ‘నేనెప్పుడును ఆ యింటికి పోలేదు’ అనుటకు ‘ఐ డిడ్ నాట్ ఆల్వేస్ గో దేర్’ అనెనా, కొన్నిసారులు పోయినట్లు తానే ఒప్పుకొన్నవాడగును. సెల్డమ్, రేర్లీ, హార్డ్లీ ఎవర్ అనునవి సగము నిషేధములు. వీనికిని ‘నాట్’ తగిలింపరాదు.

ఇక క్రియారూపము. ‘ప్రతి శుక్రవారము గుడికి పోవుచుందును’ అను తెలుగు పలుకుబడిని బట్టి మనము ‘ఐ యామ్ గోయింగ్’ అందుము. అలవాటును చెప్పుటకు ఇంగ్లీషువారు ‘ఐ గో’ అనియే యందురు. ఆల్వేస్‌తో ఆ ‘ఇంగ్’ రూపము కూడినచో తరచుగా విసుగు ధ్వనించును. ‘హి ఈజ్ ఆల్వేస్ బారోయింగ్ మై అంబ్రెల్లా’ అన్నప్పుడు, గొడుగు ఎరువిచ్చి యిచ్చి వేసారిన మనిషి గొంతు వినబడును. పెద్దలను గూర్చి మాటలాడునపుడు ఈ భేదమును మరువరాదు.

ఒక్కొక్క మాటకు సమానార్థకములు పెక్కు గలవు. కాని వాని స్థానములు వేరు. ఫ్రీక్వెంట్లీ కచేరి కాగితములకు తగినది. ఇంటి మాటలలో ఆఫెన్ చాలును. సెల్డమ్ నేడు పుస్తకపు వాసన గలది. సంభాషణములో ‘నాట్ వెరీ ఆఫెన్’ అనుటయే మెండు. మనము అమావాస్యకో పున్నమకో అన్నట్లు వారు ‘వన్స్ ఇన్ ఎ వైల్’ అందురు. మనము పుష్కరమునకొకసారి అన్నట్లు ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అందురు. మన పుష్కరము 12 ఏండ్లకు వచ్చును. ఒకే నెలలో వచ్చు రెండవ పున్నమకు బ్లూ మూన్ అని పేరు; అది రెండు మూడేండ్లకొకసారి వచ్చును. లెక్క వేరైనను భావ మొక్కటే.

ఈ మాటలకు లోకవ్యవహారములో నిలుకడగల కొలత లేదు. భూకంపములు ‘ఆఫెన్’ వచ్చుననుట వేరు, ఒకడు ‘ఆఫెన్’ పండ్లు తోముకొనుననుట వేరు. మొదటిది భయము గొలుపును, రెండవది నవ్వు పుట్టించును. కావుననే ఐరోపా దేశముల మందుల కాగితములలో ‘రేర్’ అను మాటకు అంకెలతో హద్దు పెట్టిరి: 10,000 మందిలో 1 మొదలు 10 మందికి లోపుగా కలుగు బాధ యని.

మందుల విషయమున మాట తప్పినచో ప్రాణమునకే ముప్పు. కీళ్లవాతమునకిచ్చు మెథోట్రెక్సేట్ వారమునకొకసారి మ్రింగవలసినది. పొరపాటున దినదినము మ్రింగి మరణించినవారు కలరు. ‘ఎవ్రీ అదర్ డే’ అనగా దినము విడిచి దినము. ‘బైవీక్లీ’ అను మాటకు వారమునకు రెండుసారులనియు, రెండు వారములకొకసారి యనియు రెండర్థములున్నవి. అట్టిదానిని వాడకుండుటయే మేలు. వైద్యునితో చెప్పునపుడు ‘సమ్‌టైమ్స్’ అని యూరకుండక, వారమునకు ఎన్నిసారులో లెక్క చెప్పుడు. నెవర్ అని పలుకబోవునపుడు మాత్రము, క్రియతో ‘నాట్’ చేరలేదుకదా యని ఒక్క క్షణము చూచుకొనుడు.