కంటిలో పువ్వు

చూపు మందగించిన వానిని చూడగనే “శుక్లము ముదిరినది, కోయించుకొనుము” అని చెప్పుట మన పల్లెలలో పరిపాటి. నల్లగుడ్డుపై తెల్లని మచ్చ కన్పట్టినను అదియే మాట. కాని శుక్లము వేఱు, పువ్వు వేఱు. శుక్లమనగా కనుపాపకు వెనుకనున్న కటకము మసకబాఱుట. పువ్వనగా కంటికి ముందువైపున, గడియారముపై అద్దమువలె అమరియున్న స్వచ్ఛపటలమునకు కలుగు మచ్చ. మొదటిదానికి పాత కటకమును తీసి కృత్రిమ కటకము నమర్చినచో చాలును. రెండవదానికి ఆ చికిత్స పనికిరాదు. ఈ గందరగోళమునకు పేర్లును కొంత కారణమని నా యభిప్రాయము. సుశ్రుతుడు కృష్ణమండలమున వచ్చు తెల్లదనమునకు శుక్రమని పేరిడెను. నేడు మనము శుక్లమనుదానిని లింగనాశమనెను.

ఈ పటలము మందము సుమారు అర మిల్లీమీటరు. దానికి రంగు లేదు. వెనుకనున్న నల్లని తెర దానిగుండ కన్పట్టుటచేతనే మనము నల్లగుడ్డనుచున్నాము. దానిలో రక్తనాళములు లేవు; కన్నీటివలనను, లోపలి ద్రవమువలనను, గాలివలనను అది జీవించును. రక్తము పాఱినచో స్వచ్ఛత యెక్కడిది? ఈ గుణమువలననే ఒకరి పటలమును మఱియొకరికి అతికినపుడు అది తఱచు నిలుచుచున్నది.

కోతలనాడు వరివెన్ను తగిలియో, నూర్పిళ్లలో పొట్టు పడియో, ఈ పటలముపై గీత పడును. ఆ గీతగుండ సూక్ష్మజీవులు, అందును బూజుజాతివి, ప్రవేశించి పుండు చేయును. కన్ను ఎఱ్ఱబాఱును, నీరు కాఱును, వెలుతురు చూడలేము. అప్పుడు చనుబాలు పోయుట, ఆకుపసరు పిండుట, నాలుకతో నలుసు తీయించుట, ఇవన్నియు పుండును పెంచునవే. అంతకంటె అపాయకరములు మందుల అంగడిలో పరీక్ష లేకయే యిచ్చు స్టెరాయిడు చుక్కలు. వానివలన ఎఱుపు ఒకనాటికి తగ్గును. లోపల బూజు నిరాటంకముగా పెరుగును. నే నెఱిగిన రైతొకడు ఇట్లే పదునైదు దినములు గడపి, పుండు పగిలిన పిదప పట్టణమునకు పోయెను. కన్ను దక్కలేదు. తొలిదినములలోనే పోయినయెడల వైద్యుడు పుండును కొంచెము గీకి, సూక్ష్మదర్శినిలో చూచి, అది ఏ జీవియో తెలిసికొని తగిన చుక్కలు వేయును. అనేకులకు శస్త్రముతో పనియే యుండదు. పుండు మానినచోట మిగులు మచ్చయే పువ్వు. అది నడుమ నున్న చూపు పోవును. అంచున నున్న అంతగా బాధింపదు.

తెల్లగుడ్డునుండి రెక్కవలె నల్లగుడ్డుపైకి ప్రాకు కండను దుర్మాంసమందుము. అది నడుమకు చేరకమునుపే కోసి, తెల్లగుడ్డుపైనున్న పలుచని పొరనే కొంత తెచ్చి ఆ చోట అతికించుదురు. దానినిగూర్చి ఇంతకంటె చెప్పనక్కఱలేదు.

సున్నమును గూర్చి మాత్రము చెప్పక తప్పదు. తాంబూలమునకు వాడు సున్నపు పొట్లము పిల్లలు నొక్కగా పగిలి కంటబడుట, వెల్లవేయునప్పుడు చిందుట మనకు తెలియనివి కావు. సున్నము పైపైన కాల్చి యూరకొనదు, లోపలికి దిగుచునే యుండును. కావున వాహనము వెదకుటకు ముందే, ఉన్నచోటనే, మంచినీటితో కన్ను తెఱచి అరగంటసేపు కడుగవలెను. ఱెప్ప తిరుగవేసి, అంటుకొనిన సున్నపు తునకలను తడిగుడ్డతో తీసివేయవలెను. నేయి, ఆముదము, నిమ్మరసము వలదు. కడిగిన పిమ్మటనే ఆసుపత్రికి ప్రయాణము.

విచిత్రమేమనగా, మానవులలో తొలిసారి ఫలించిన పటల మార్పిడియు సున్నపు గాయమునకే. 1905 డిసెంబరు 7వ తేదీన, నేటి చెకు దేశమందలి ఓలొమౌత్స్ పట్టణమున, ఎడ్వర్డు జిర్ము అను వైద్యుడు సున్నముచే రెండు కన్నులును చెడిన ఒక కూలివానికి ఆ చికిత్స చేసెను. గాయపడుటచే తీసివేయవలసివచ్చిన ఒక బాలుని కంటినుండి పటలమును గ్రహించెను. రెండింటిలో ఒక కన్ను నిలిచినది.

ఐనను సున్నపు గాయములలో పటలము మార్చిన మాత్రమున చాలదు. నల్లగుడ్డునకును తెల్లగుడ్డునకును నడుమ గల అంచున మూలకణములుండును. పటలము పైపొర నిత్యము వానినుండియే పుట్టుచుండును. సున్నము ఆ అంచును మాడ్చివేసినచో క్రొత్త పటలమును నిలువదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞాన సంస్థకు చెందిన వీరేందర్ సంగ్వాన్ ప్రభృతులు 2012లో దీనికొక సులభోపాయమును ప్రకటించిరి. బాగున్న రెండవ కంటి యంచునుండి చిన్న తునకను తీసి, దానిని మఱింత చిన్న ముక్కలుగా చేసి, మాయనుండి తీసిన పలుచని పొరపై దూరదూరముగా నుంచుదురు. అవి పెరిగి కలిసికొనును. రైతులకు వేఱుగా చెప్పనేల, ఇది నారు పీకి మడిలో నాటుటయే.

ఇక పువ్వునకు చేయు శస్త్రము. మచ్చగల భాగమును ఏడెనిమిది మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రముగా కోసి తీసి, దాత పటలమును అంతియే కోసి అమర్చి, వెండ్రుకకంటె సన్నని నైలాను దారముతో చుట్టును కుట్టుదురు. పటలములో లోపలిపొర యొకటి ఏతమువలె నీటిని తోడివేయుచు దానిని స్వచ్ఛముగా నుంచును. ఆ పొర యొక్కటే చెడినచో నేడు దానిని మాత్రమే మార్చుచున్నారు. కుట్లతో పని తక్కువ, చూపు త్వరగా వచ్చును. ఏ పద్ధతియైనను చుక్కలు నెలలతరబడి వేయవలెను. ఎఱుపు, నొప్పి, మసక తోచిన నాడే వైద్యుని చూడవలెను. శరీరము పరాయి పటలమును త్రోసివేయుటకు అవి గుర్తులు.

ఇన్నింటికిని పటలము ఎక్కడిది? 1930ల దశకమున ఒడెస్సాలో ఫిలాతోవ్ అను వైద్యుడు మృతుల నేత్రములను చల్లదనమున భద్రపరచి వాడెను. నాటినుండి బ్రతికియున్న వాని కన్ను తీయ నవసరము తప్పినది. మద్రాసులో 1945లో నేత్రనిధి వెలసెను. హైదరాబాదులో రామయమ్మ నేత్రనిధి 1989 నుండి పని చేయుచున్నది.

మృతుడు బ్రతికినపుడు మాట యిచ్చినను ఇయ్యకున్నను, ఆ గడియలో ఇంటివారు ఊ యనవలెను. ఇంటివారు మీ ముఖము చూతురు. “కన్నులు లేక దహనమైన మఱుజన్మమున గ్రుడ్డివాడగునా?” యని నన్నడిగినవారు కలరు. నేను చదివిన ధర్మశాస్త్రములలో అట్టి మాట నాకు కనబడలేదు. కన్నప్ప కథ యెల్లరును చెప్పుదురు గాని, ఆయన బ్రతికియుండి ఇచ్చెను. మన నడుగునది అంత కఠినమైనది కాదు.

ముసలితనము, కంటి అద్దములు, శుక్లపు శస్త్రము, మధుమేహము అడ్డు కావు. పిచ్చికుక్క కాటు, ఎయిడ్సు, పచ్చకామెర్లు కలిగించు కొన్ని జాతుల క్రిములు సోకినవారివి పనికిరావు. మరణమైన ఆఱు గంటలలోపల తీయవలెను. అందాక ఱెప్పలు మూసి తడిదూది యుంచి, తలక్రింద దిండు పెట్టి, పైనున్న పంఖా ఆపవలెను. నేత్రనిధివారు ఇంటికే వచ్చి అరగంటకు మించకుండ పని ముగింతురు; ముఖము వికృతము కాదు. వారి దూరవాణి సంఖ్యను ముందే కనుగొని పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించినయెడల అర్ధరాత్రివేళ వెదకుకొన నక్కఱయుండదు.