కారుకి అడ్వాన్సు కట్టేముందు ఎర్త్ చూపించండి

మా ధర్మపురి జిల్లా బొమ్మిడిలో కరెంటు కారు కొన్నవాళ్లు ముందు షోరూముకి ఫోన్ చేస్తారు. అక్కడ పని జరక్కపోతే నాకు చేస్తారు. నేను కార్ల మెకానిక్‌ని కాను. మోటార్లకి వైండింగ్ కట్టుకునేవాణ్ణి, ఇళ్లకి వైరింగ్ చేసేవాణ్ణి. కాలిపోయిన బోరు మోటార్లు, పాత మిక్సీలు కొట్టు ముందు వరసగా పడి ఉంటాయి. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం. ధర్మపురి, సేలం, కృష్ణగిరి జిల్లాల్లో మాలాంటి ఇళ్లకి కొదవ లేదు. ధర్మపురి అంటే గోదావరి ఒడ్డున నరసింహస్వామి ఉన్న ఊరు కాదండోయ్, తమిళనాడు ధర్మపురి.

కరెంటు బండ్లు మా వైపు వింతేమీ కాదు. ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ పక్క జిల్లాలో పోచంపల్లి దగ్గరే ఉంది (ఇదీ చీరల పోచంపల్లి కాదు), ఏథర్ స్కూటర్లు హోసూరులో తయారవుతాయి. స్కూటర్‌తో పెద్ద పేచీ ఉండదు. దాని చార్జర్ లాగే కరెంటు తక్కువ, ఎలాంటి ప్లగ్గులో పెట్టినా ఎలాగోలా ఎక్కేస్తుంది. కారు అలా కాదు. చిన్న కారుతో ఇచ్చే మామూలు చార్జరే మూడు కిలోవాట్లకి అటూఇటూ తీసుకుంటుంది. గీజరు రెండు కిలోవాట్లు తీసుకున్నా పావుగంటలో ఆగిపోతుంది. కారు రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే తెల్లారేదాకా ఆపదు. ఇంటి వైరింగులో ఏ మూల ఏ లోపముందో అప్పుడు బయటపడుతుంది.

మాకు బావ వరసయ్యే పెద్దాయన ఒకరున్నారు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. కిందటి ఎండాకాలం కారు కొన్నారు. కారు ఇంటికొచ్చిన రోజే కబురు పెట్టారు. "ఏమయ్యా, లక్షలు పోసి కొంటే చార్జర్ పెట్టెలో ఎర్రలైటు తప్ప ఇంకేం వెలగడం లేదు. షోరూమువాడు వచ్చి, మీ ఎర్త్ బాగాలేదు సార్ అని చెప్పి పోయాడు. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఎర్త్ బాగాలేకపోవడమేంటి?"

లైట్లకీ ఫ్యాన్లకీ ఎర్త్ లేకపోయినా నడుస్తుంది. అందుకే మన ఇళ్లలో సగానికి సగం దాని సంగతే పట్టించుకోరు. మల్టీమీటర్ పెట్టి చూశాను. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 231 వోల్టులు, బాగానే ఉంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే చూపించాలి. 168 చూపించింది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య అరవై చిల్లర. అది ఐదు వోల్టుల లోపు ఉండాలి. కారు చార్జర్ ముందు ఎర్త్‌నే చూసుకుంటుంది. అది లేకపోతే ఒక్క యూనిట్ కూడా లోపలికి పోనివ్వదు.

"ఇంకో వైర్‌మ్యాన్ వచ్చి ఐదు నిమిషాల పని అన్నాడే! ప్లగ్గు లోపల న్యూట్రల్నీ ఎర్త్‌నీ చిన్న వైరు ముక్కతో కలిపేస్తే పచ్చలైటు వస్తుందన్నాడు" అన్నారు బావ.

వస్తుంది, నిజమే. ఈ వ్యాసం రాయడానికి కారణమే ఆ వైరు ముక్క. స్తంభం నుంచి ఇంటికొచ్చే న్యూట్రల్ గాలివానకి ఎక్కడో తెగిందనుకోండి. ఇంట్లో ఆన్‌లో ఉన్న ఫ్రిజ్జులోంచో, ఫ్యాన్లోంచో ఫేజు వెళ్లి న్యూట్రల్ వైరంతా లైవ్ అయిపోతుంది. దానికి ఎర్త్‌ని కట్టేశాం కాబట్టి ఆ కరెంటు కేబుల్ గుండా నేరుగా కారు బాడీ మీదికొస్తుంది. కారు నిలబడేది రబ్బరు టైర్ల మీద, దిగిపోవడానికి దారి లేదు. పొద్దున్నే తడి నేల మీద ఉత్త కాళ్లతో వచ్చి తలుపు పట్టుకున్నవాడే ఆ దారి అవుతాడు. ఇలాంటి అతుకు వేస్తానన్నవాణ్ణి మళ్లీ గడప తొక్కనివ్వకండి.

బావగారి ఇంటి వెనక మునగచెట్టు మొదట్లో పాత ఎర్త్ గుంట ఉంది. ఇల్లు కట్టినప్పుడు పాతిన పైపు, ఆ తర్వాత ఎవరూ చుక్క నీళ్లు పోసిన పాపాన పోలేదు. క్లాంపు దగ్గర వైరు తుప్పు పట్టి చేతితో లాగితే ఊడి వచ్చింది. మా నేల ఎర్రమట్టి, కింద రాయి. ఏప్రిల్, మేలలో తేమ ఇంకిపోతే మంచి ఎర్త్ కూడా పనిచేయదు. ఎర్తింగ్‌కి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 3043 ప్రకారం పైపు రెండున్నర మీటర్లుండాలి. మునగచెట్టు దగ్గర కొత్తగా తవ్వితే అయిదడుగులకే గునపం ఠంగుమంది. బట్టలుతికే బండ నీళ్లు పారే చోటికి మార్చాం. అక్కడ మట్టి ఏడాది పొడుగునా తడిగానే ఉంటుంది. జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు వేసి, పైన మూత ఉన్న తొట్టె కట్టి, బిందెలతో నీళ్లు పోశాం. మర్నాడు మీటర్ రెండు వోల్టులు చూపించింది. పెట్టెలో పచ్చలైటు వెలిగింది. ఎండాకాలంలో వారానికో బిందెడు నీళ్లు పొయ్యమని అక్కయ్యకి చెప్పి వచ్చాను. ఆ ఇంట్లో బావ కన్నా ఆమె మాటే నిలబడుతుంది.

ఎర్త్ తర్వాత వైరు. ఫ్యాన్ల లైను మీద నుంచో, వరండా ప్లగ్గు నుంచో లాగకూడదు. మీటర్ బోర్డు దగ్గర నుంచి కారుకని విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి సొంతంగా ఎంసీబీ, కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఇల్లంతా కలిపి మంజూరైన లోడు సరిపోతుందో లేదో కరెంటు బోర్డు ఆఫీసులో ముందే అడగండి. అన్నిటికన్నా ఎక్కువ కాలేది ప్లగ్గులోని మరలు. బిగింపు వదులై అక్కడ ఓమ్‌లో పదో వంతు నిరోధం ఏర్పడినా 14 ఆంపియర్ల దగ్గర సుమారు 20 వాట్ల వేడి పుడుతుంది. నా బల్ల మీదున్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అలాంటిదొకటి ప్లగ్గులో పెట్టి రాత్రంతా ఆన్‌లో వదిలేసినట్టే. చార్జింగ్ పెట్టిన గంటకి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఆనకపోతే వెంటనే ఆపెయ్యాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి అసలు పోవద్దు. వీలైతే నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ వేయించుకోండి.

బిల్లు సంగతికొస్తే తమిళనాడులో రెండు నెలలకోసారి రీడింగ్ తీస్తారు. మొదటి కొన్ని యూనిట్లు ఉచితం. 500 దాటితే మాత్రం కింది శ్లాబుల్లోని చవక రేటు కూడా పోయి, పైవాటికి 8 రూపాయలు దాటుతుంది. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకి, యూనిట్‌కి ఏడు కిలోమీటర్ల లెక్కన, రెండు నెలలకి దాదాపు 286 యూనిట్లు కావాలి. ఇల్లు అప్పటికే 300 వాడుతుంటే 500 గీత దాటినట్టే. దాటినా కిలోమీటరుకి పడేది రూపాయి, రూపాయిన్నర. లీటరు వంద రూపాయల పెట్రోలుతో అయితే ఐదారు రూపాయలు పడుతుంది. ఇంకో మాట. తోటలో పంపుసెట్టుకి ఇచ్చే ఉచిత కరెంటుతో కారు చార్జ్ చేస్తే ఎవరు చూస్తారని కొందరు అడుగుతున్నారు. అది వ్యవసాయానికిచ్చిన సర్వీసు. కారుకి వాడితే నేరం, జరిమానా తప్పదు. నేనైతే ఆ పనికి వైరు ముట్టుకోను.

"దీంట్లో డిస్టిల్డ్ వాటర్ ఎక్కడ పొయ్యాలి?" అన్నది నన్ను తరచూ అడిగే ప్రశ్న. ఇన్వర్టర్ బ్యాటరీలు చూసిన అలవాటు. 2001లో బెంగుళూరులో వచ్చిన రేవా కారులో అలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీలే ఉండేవి. ఇప్పటివి లిథియం, నీళ్ల పనే లేదు. మన దగ్గర అమ్ముడయ్యే చిన్న కార్లలో చాలావాటిలో ఉండేది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం. దాని వోల్టేజ్ దాదాపు ఖాళీ అయ్యేదాకా పెద్దగా మారదు కాబట్టి ఎంత మిగిలిందో లెక్క తప్పుతుంటుంది. అందుకే అప్పుడప్పుడు నెమ్మదిగా 100 శాతం ఎక్కించమంటారు. వేరే రకమైతే రోజూ 80 దగ్గర ఆపడం మంచిది. మీ కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే చేయండి, నా మాట కూడా దాని తర్వాతే. ఏ రకమైనా ఎండే దానికి శత్రువు. నిండా ఎక్కించి మే నెల ఎండలో రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. ఊరెళ్తుంటే సగం ఉంచి నీడలో పెట్టి పోండి.

మా ఊరి నుంచి కనిపించే షెవరాయ్ కొండల మీద ఏర్కాడు ఉంది. సేలం నుంచి 20 హెయిర్‌పిన్ మలుపులు, సుమారు 1200 మీటర్ల ఎత్తు. నలుగురెక్కిన చిన్న కారుకి ఆ ఎత్తెక్కడానికే దాదాపు ఐదు యూనిట్లు ఖర్చవుతాయి. దిగేటప్పుడు మోటారే డైనమోలా పనిచేసి అందులో సగం దాకా వెనక్కిస్తుంది, బండిని కూడా అదే ఆపుతుంది. కానీ కొండ మీద లాడ్జిలో 100 శాతం ఎక్కించుకుని దిగితే ఆ కరెంటు పోవడానికి బ్యాటరీలో చోటుండదు. భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పైన 80 దగ్గర ఆపి దిగండి. నాకైతే షోరూములో చెప్పాల్సిన మొదటి పాఠం ఇదే అనిపిస్తుంది, ఎవరూ చెప్పరు.

ఇంజిన్ ఆయిలు లేదు, స్పార్క్ ప్లగ్గులు లేవు, క్లచ్ ప్లేటు లేదు. అంతమాత్రాన సర్వీసే అక్కర్లేదనుకోకండి. బండి బరువెక్కువ, లాగుడెక్కువ, టైర్లు త్వరగా అరుగుతాయి. బ్రేకులు తక్కువ వాడతాం కాబట్టి డిస్కులకి తుప్పు పడుతుంది. బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ మట్టం చూపించుకోవాలి, తగ్గితే బోరు నీళ్లు పోయడం కాదు, కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే కారు తలుపు కూడా తెరుచుకోకపోవచ్చు. చెరకు తోటల పక్కన ఇళ్లున్నవాళ్లకి ఎలుకల బాధ ఇంకోటి, బానెట్ తీసి వారానికోసారైనా చూసుకోవాలి. లోపల నారింజ రంగు తొడుగున్న కేబుళ్లు కనిపిస్తాయి. వాటిలో ఉండేది వందల వోల్టుల డీసీ. ముప్పై ఏళ్లుగా కరెంటుతో బతుకుతున్న నేనే వాటిని ముట్టుకోను.

2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను వెనకాలే మా పక్కనున్న ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన కురిసింది. అలాంటి వానలో కారు మునిగితే? బ్యాటరీకి ఐపీ67 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం, రాత్రంతా మునిగి ఉండొచ్చని కాదు. నీళ్లలో నిలిచిపోయిన కారుని ఆన్ చేయకండి, చార్జింగ్ పెట్టకండి, లాగించుకుని సర్వీస్ సెంటరుకి పంపండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి.

కారుకి అడ్వాన్సు కట్టేముందు మీ ఊరి వైర్‌మ్యాన్‌ని పిలిచి "న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎన్ని వోల్టులున్నాయి?" అని అడగండి. మీటర్ బయటికి తీయకుండానే "అంతా బాగుందండీ" అన్నాడా, టీ ఇచ్చి పంపేసి ఇంకొకర్ని పిలవండి.