బిడ్డను వెతుక్కుంటూ వచ్చే తల్లికి

భర్త పోయాక, మాటలు మానేసిన కొడుకును వెతుక్కుంటూ ఒక తల్లి పెండిల్ హిల్ స్టేషన్‌లో దిగిందనుకోండి. 600 విజిటర్ వీసాలో టూరిస్టుగా రావడానికి కొడుకు పిలుపు అక్కరలేదు. చేతిలో పాత అడ్రసు ఒక్కటే ఆధారం. క్షేమంపై ఆందోళన ఉంటే పోలీస్ స్టేషన్‌లో చెప్పవచ్చు. 24 గంటలు ఆగనక్కరలేదు. అయితే 18 నిండిన బిడ్డ దొరికినా, అతను ఒప్పుకుంటేనే చిరునామా ఇస్తారు. తల్లికది కఠినమే. ఇంట్లో మనసు విరిగి దూరమైన బిడ్డకు మాత్రం అదే రక్ష.

మరి మనమేం చేయాలి? ఆ అబ్బాయి మనకు తెలిసినవాడైనా ఇల్లు చూపించవద్దు. ఆవిడకు భోజనం పెట్టి, ఒక ఉత్తరం రాయించి, అతనికి అందజేద్దాం. జవాబివ్వడం అతని ఇష్టం. అంతవరకు ఆవిడ ఒంటరిగా ఎదురుచూడకుండా తోడుండడం మన బాధ్యత.