నీలకంఠ రొయ్యకు దాగే చోటు చూపండి

వేసిన పిల్లల్లో సగం కూడా చేతికి రాలేదా? దొంగ కోసం గట్టు మీద వెతక్కండి, నీళ్లలోనే ఉంటాడు. రొయ్య పెరగాలంటే గుల్ల విడవాలి. విడిచిన కొన్ని గంటలు ఒళ్లు మెత్తగా ఉంటుంది. అదును చూసి తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి.

అందుకే చెరువులో అక్కడక్కడా కొబ్బరి మట్టలు, పాత వల ముక్కలు, గొట్టాలు వేయండి. మట్టలు కుళ్లితే ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి ఎప్పటికప్పుడు మార్చాలి.

చదరపు మీటరుకు 2 నుంచి 4 పిల్లలు చాలు. మన రాష్ట్రంలో 2005 ప్రాంతంలో జోరుగా సాగిన ఈ సాగు నాసి పిల్లలు, తెగుళ్ల వల్లే దెబ్బతింది. తోక తెల్లబారిన పిల్లలను కొనొద్దు. అది వైరస్ జబ్బు, మందు లేదు. హేచరీలో పూర్తిగా మంచినీటికి అలవాటు చేశారో లేదో అడిగి తెచ్చుకోండి.

పెద్దాపురం మెట్టలో బోరు నీరు పెట్టేవారు ముందుగా పరీక్ష చేయించాలి. ఉదజని సూచిక 7 నుంచి 8.5 మధ్య ఉండాలి. కఠినత్వం మరీ ఎక్కువైతే గుల్లపై సున్నపు పొర కట్టి ఎదుగుదల ఆగుతుంది. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ, ఎత్తు నుంచి చిమ్మేలా పెట్టండి.

తెల్లవారుజామున రొయ్యలు గట్టు వెంట చేరాయంటే ఊపిరాడటం లేదన్నమాట. ఆ పూట మేత ఆపి, వెంటనే ఏరేటరు తిప్పండి. లేదంటే కొత్త నీరు పెట్టండి.

అయిదో నెల నుంచి నీలి చేతుల పెద్ద మగ రొయ్యలను పట్టి అమ్మేయండి. అవి పోతేనే చిన్నవి ఎదుగుతాయి. పెట్టుబడీ కొంత ముందే చేతికొస్తుంది.