ఆన్‌లైన్ జనగణనలో విశాఖ గడపలు

కరోనా కారణంగా 2021లో ఆగిపోయిన జనగణనకు 2027 మార్చి 1 తొలి క్షణాన్ని ప్రామాణిక సమయంగా నిర్ణయిస్తూ కేంద్రం 2025 జూన్ 16న నోటిఫికేషన్ ఇచ్చింది. గణకులు కాగితానికి బదులు మొబైల్ యాప్‌లో వివరాలు ఎక్కించే మొదటి జనగణన ఇదే. గణకుడు రాకముందే కుటుంబం తన వివరాలను పోర్టల్‌లో నింపుకొనే వెసులుబాటు కూడా ఉంది; దీన్నే స్వీయ గణన అంటారు. అలా నింపినవారు తమకు వచ్చిన గుర్తింపు సంఖ్యను తర్వాత గడప తొక్కిన గణకుడికి చూపించాలి.

ఆన్‌లైన్‌లో నింపడంలో ఒక ముప్పు ఉంది: 2016 ఆగస్టు 9 రాత్రి ఆస్ట్రేలియా జనగణన వెబ్‌సైట్ సైబర్ దాడుల నడుమ మూతబడి, తెరుచుకోవడానికి దాదాపు 40 గంటలు పట్టింది. గణకుడు ఎలాగూ ఇంటికి వచ్చే మన పద్ధతిలో ఆ ముప్పు కొంత తక్కువే. అసలు చిక్కు ఎవరిని, ఎక్కడ లెక్కించాలన్న దగ్గరే ఉంది.

విశాఖలో ఇంటి నంబర్లు, నెట్ సదుపాయం ఉన్న ఉక్కునగరం క్వార్టర్లలో స్వీయ గణన సులువే. గాజువాక వైపు ఒకే గదిని పంచుకుంటూ షిఫ్టులవారీగా పనికి వెళ్లే వలస కూలీల సంగతి అలా కాదు. జనగణన దృష్టిలో కుటుంబమంటే రక్తసంబంధం కాదు, సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంట తినేవారి సముదాయం. కాబట్టి ఆ గదిలో కుటుంబం ఒకటో, మూడో పొయ్యి దగ్గర అడిగి తెలుసుకోవాలే తప్ప పోర్టల్‌లోని పటం మీద ఇంటి గుర్తు పెడితే తేలదు. ఆరిలోవ కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఇళ్లు పేర్చినట్టున్న చోట, ఫోను చూపే స్థానం కొద్ది మీటర్లు తప్పినా పై ఇల్లు కింది ఇంటి లెక్కలోకి జారిపోవచ్చు.

మత్స్యకారుల విషయం మరింత సున్నితం. జనాభా లెక్కింపు జరిగే ఫిబ్రవరిలో వేట నిషేధం ఉండదు కనుక విశాఖ ఫిషింగ్ హార్బర్ బోట్లు సముద్రంలో ఉంటాయి. లెక్కింపు రోజుల్లోనే తిరిగి వచ్చేవారిని ఇంటి దగ్గరే నమోదు చేయవచ్చు. ఆ కాలమంతా గుజరాత్‌లోని వేరావల్‌లో ఉండే శ్రీకాకుళం జాలరిని మాత్రం అక్కడే లెక్కించాలి. కానీ ఊళ్లో ఫారం నింపే కన్నతల్లి కొడుకు పేరు వదలదు, వదలమని స్క్రీన్ మీది వాక్యం ఒక్కటే ఆమెను ఒప్పించలేదు. అప్పుడు ఒకే మనిషి రెండు చోట్ల లెక్కకు వస్తాడు, లేదా రెండు చోట్లా జారిపోతాడు.

2011లో 42.9 లక్షల జనాభా ఉన్న విశాఖపట్నం జిల్లా 2022 ఏప్రిల్ 4న మూడుగా విడిపోయింది. పాడేరు, చింతపల్లి కొండల్లో సిగ్నల్ అందని గూడేలు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లావి. అక్కడ యాప్ కన్నా గణకుడి కాళ్లకే పని ఎక్కువ, కాబట్టి నగరంలో స్వీయ గణన వల్ల మిగిలే శ్రమను అటు మళ్లించడం న్యాయం. ఆహార భద్రతా చట్టం కింద రేషన్ పరిమితులు నేటికీ 2011 లెక్కల మీదే నడుస్తున్నాయంటే, లెక్క తప్పిన గూడెం ఏం కోల్పోతుందో తెలుస్తుంది.

1948 జనగణన చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు రహస్యం, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. సైబర్ మోసాల భయంతో తలుపు తీయనివారికి ఈ సంగతి ముందే, తెలుగులో, వార్డు సచివాలయం స్థాయిలో చెప్పాలి. 2011 లెక్కింపు తర్వాత జరిపిన తనిఖీ సర్వేలో వెయ్యికి 23 మంది నికరంగా తప్పిపోయినట్టు తేలింది. ఈసారి ఆ తనిఖీ ఫలితాలను స్వీయ గణన చేసుకున్న ఇళ్లకూ, గణకుడే నమోదు చేసిన ఇళ్లకూ విడివిడిగా ప్రకటించాలి.