జొన్నరొట్టెకు జిగురెక్కడిది?

మా టేక్మాల్‌లో పొద్దుగూకే వేళ వాకిట్లో కూర్చుంటే, ఏ ఇంట్లో జొన్నరొట్టెలు చేస్తున్నారో చెవులకే తెలిసిపోతుంది. పీట మీద అరచేయి పడే చప్పుడు గోడ దాటి వినిపిస్తుంది. ఎండాకాలం సెలవులకు పట్నం నుంచి వచ్చిన మా మనుమరాలు ఆ చప్పుడు దగ్గరే ఆగింది.

"తాతా, చపాతీని కర్రతో చేస్తం గదా. ఈ రొట్టెను అమ్మమ్మ చేత్తో ఎందుకు కొడ్తది?"

దీనికి మాటలతో జవాబు చెప్పొద్దనుకుని రెండు గిన్నెలు తెమ్మన్నాను. ఒకదాంట్లో గుప్పెడు గోధుమపిండి, ఇంకోదాంట్లో గుప్పెడు జొన్నపిండి. రెండింటినీ చల్లనీళ్లతో ముద్దలు చేసి, అరగంట ఆగి, నీళ్లలో ముంచి మెల్లగా పిసకమన్నాను. గోధుమముద్ద నుంచి పాలలాంటి నీళ్లు దిగాయి. నీళ్లు మార్చి మార్చి పిసికిన కొద్దీ ముద్ద చిన్నదైంది గాని కరిగిపోలేదు. చివరికి పిల్ల చేతిలో ఉసిరికాయంత ముద్ద మిగిలింది. లాగితే రబ్బరులా సాగింది. జొన్నముద్ద మాత్రం నీళ్లలో పెట్టిన కాసేపటికే విడిపోయింది. చేతిలో ఏమీ మిగల్లేదు.

ఆ సాగే ముద్దే గ్లూటెన్. గోధుమలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల ప్రోటీన్లుంటాయి. నీళ్లు తగిలి పిసకగానే అవి ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఆ వల ఉంది కాబట్టే కర్రతో ఒత్తినా చపాతీ చిరగదు. జొన్నలోనూ నూరు గ్రాములకు దాదాపు 10 గ్రాముల ప్రోటీన్ ఉంది. అందులో ఎక్కువ భాగం కఫిరిన్. దానికి నీళ్లు గిట్టవు. సన్నని ఉండల్లా ముడుచుకునే ఉంటుంది గాని వల అల్లదు. జొన్నలో గ్లూటెన్ లేదు కాబట్టే, అది పడని సీలియాక్ జబ్బున్నవాళ్లు జొన్నరొట్టె తినగలుగుతారు.

మరి జిగురు లేని పిండి రొట్టె ఎట్లా అవుతుంది?

బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ నేను గంజి మీద అయోడిన్ చుక్క వేసి పిల్లలకు నీలిరంగు చూపించినవాణ్ని. రొట్టె చేయడం మాత్రం నాలుగేళ్ల కిందట, మా ఇంటామెకు మణికట్టు నొప్పి వచ్చినప్పుడు మొదలుపెట్టాను. మొదటి రొట్టె అంచులు పగిలి, పెంక మీదికి చేరేలోపే ముక్కలైంది. ఆమె గిన్నెలో వేలు పెట్టి చూసి, "నీళ్లు గోరువెచ్చగనే ఉన్నయి, మసలనియ్యలేదు మీరు. పిండి ఉడికితేనే పట్టుకుంటది" అంది.

ఆ ఒక్క మాటలో స్టార్చ్ పాఠమంతా ఉంది. నూరు గ్రాముల జొన్నలో 70 గ్రాముల దాకా పిండిపదార్థమే. అది కంటికి కనపడనంత చిన్న రేణువులుగా, గట్టిగా బిగుసుకుని ఉంటుంది. 70 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి తగిలిందంటే ఆ రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బి బంకగా మారతాయి. అంబలి చిక్కబడేదీ ఈ గుణంతోనే. మసిలే నీళ్లు పోయగానే పిండిలో కొంత భాగం ఉడికి, మిగతా పిండిని పట్టి ఉంచుతుంది. గోధుమ తన జిగురును వెంట తెచ్చుకుంటుంది, జొన్నకు మనం పొయ్యి మీద చేసిపెట్టాలి. అయితే ఈ బంక ఒత్తితే పరుచుకుంటుంది గాని లాగితే సాగదు. అందుకే అరచేత్తో కొడుతూ, తిప్పుతూ పోవాలి.

రొట్టె పెంక మీద పడగానే దాని మీద తడిచేత్తో నిమురుతారు. ఆ తడికి పైనున్న పొడిపిండి కూడా ఉడికి, సన్నని పగుళ్లను పూడ్చి పలుచని పొర కడుతుంది. తిప్పేశాక లోపలి నీళ్లు ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు చోటు అడుగుతుంది. పొరకు చిల్లు లేకపోతే రొట్టె పొంగుతుంది. సూదిమొనంత చిల్లున్నా ఆవిరి అటే పోతుంది.

రాత్రి మిగిలిన రొట్టె తెల్లారేసరికి బిర్రుగా అవుతుంది కదా. ఉడికినప్పుడు చెదిరిన స్టార్చ్ పోగులు చల్లారాక మళ్లీ దగ్గరికి చేరి బిగుసుకుంటాయి. మా అమ్మ ఆ రొట్టెను తుంచి చల్లలో నానబెట్టి, ఉప్పు వేసి మాకు పెట్టేది. నాకు ఇప్పటికీ తాజా రొట్టె కంటే అదే ఇష్టం.

జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. వేల ఏళ్ల కిందట వచ్చి మన నేలల్లో స్థిరపడింది. 1972లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థను పటాన్‌చెరులో పెట్టినప్పుడు ఆ ఊరు మా మెదక్ జిల్లాలోనిదే. 2016లో జిల్లాలు విడిపోయాక సంగారెడ్డిలోకి పోయింది. అక్కడి విత్తన నిధిలో వేల రకాల జొన్నలు చలిగదుల్లో భద్రంగా ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. రెండూ నాకు సంతోషమే. కానీ విత్తనాన్ని దాచినట్టు చేతి విద్యను చలిగదిలో దాచలేం. నీళ్లు ఎప్పుడు పోయాలో, ముద్ద మీద చేయి ఎంత బరువు వేయాలో ఇంకొక చేతికి అప్పజెప్పితేనే నిలుస్తుంది.

అందుకే ఆ సాయంత్రం పీటను మనుమరాలి ముందుకు జరిపాను. అమ్మమ్మ పక్కన కూర్చుంది. మొదటి రొట్టె ఇరిగింది. రెండోది ఒక అంచు మందంగా, ఒక అంచు పలుచగా వచ్చింది. మూడోది సగం దాకా పొంగి ఆగింది. ఆ రొట్టెనే అమ్మమ్మ తుంచి, ఎల్లిపాయ కారం అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

"లోపట మంచిగ ఉడికింది బిడ్డా. ఇంకోటి కొట్టు."